40 మంది పార్టీకి వాంటన్లు: విచ్చుకోకుండా, మెత్తబడకుండా

మీరడిగినవి మూడు. కిందటిసారి చేసిన వాంటన్లు (పల్చటి మైదా షీటులో కూర పెట్టి మడిచి వేయించే చైనా చిరుతిండి) సగం నూనెలోనే ఎందుకు విచ్చుకున్నాయి, విచ్చుకోనివి ప్లేట్లోకి వచ్చేసరికి ఎందుకు మెత్తబడ్డాయి, ఈసారి బాబు పుట్టినరోజుకి 40 మంది వస్తున్నారు కాబట్టి ముందే చుట్టి పెట్టుకోవచ్చా. వచ్చేవాళ్ళలో సగం మంది వెజ్ అనీ, అందులో కొందరు గుడ్డు కూడా ముట్టరనీ, మీరుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ప్లానోలో అనీ రాశారు. నేను న్యూజెర్సీలో చాలాకాలం ఒక కేటరింగ్ కిచెన్‌లో స్టార్టర్ల వైపు పనిచేశాను, శనివారం వచ్చిందంటే వాంటన్లు, స్ప్రింగ్ రోల్స్, సమోసాలు తప్ప ఇంకో లోకం ఉండేది కాదు, ఆ అలవాటుతో చెప్తున్నా. మీ మూడు ప్రశ్నలకీ జవాబు దాదాపు ఒక్కటే: నీళ్ళు. లోపలి కూరలో ఉన్న నీళ్ళు, అంచులకి ఎక్కువగా రాసిన నీళ్ళు, వేయించాక మూత పెడితే పట్టే ఆవిరి. ఈ మూడూ అదుపులో ఉంటే రుచి సంగతి మీ చెయ్యే చూసుకుంటుంది. లేకపోతే ఎంత మంచి రెసిపీ అయినా నూనెపాలే.

ముందు ఎన్ని కావాలో చూద్దాం. తర్వాత భోజనం ఉంది, ఇంకో రెండు స్టార్టర్లు కూడా ఉన్నాయి అంటున్నారు కాబట్టి మనిషికి నాలుగు చాలు. 160 అవుతాయి, చిరిగేవీ విరిగేవీ పోను చేతిలో ఉండాలంటే 180 చుట్టండి. సగం మంది వెజ్ కదా అని 90, 90 చేయకండి. నాన్‌వెజ్ వాళ్ళు వెజ్ కూడా తీసుకుంటారు, వెజ్ వాళ్ళు అటువైపు చూడరు, అందుకే ఏ పార్టీలో చూసినా ముందు ఖాళీ అయ్యేది వెజ్ ట్రేనే. 100 వెజ్, 80 చికెన్ పెట్టుకోండి. ఒక ప్యాకెట్‌లో సుమారుగా 50 షీట్లు వస్తాయి, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ, కాబట్టి నాలుగు ప్యాకెట్లు. ఫిల్లింగ్స్ రెండుకి మించి వద్దు. ఐదు రకాలు చేస్తానని మొదలుపెట్టినవాళ్ళు చివరికి ఏది ఏదో తెలియక ఒక్కోటీ విరిచి చూసుకుంటూ కూర్చుంటారు.

ఇప్పుడు షీట్లు. గుడ్డు తినని వాళ్ళు ఉన్నారంటే ఇక్కడే జాగ్రత్త. చదరంగా, కాస్త పసుపు రంగులో ఉండే వాంటన్ షీట్లలో చాలావాటిలో గుడ్డు ఉంటుంది, వెనకాల అలర్జీల లైనులో గోధుమ పక్కనే గుడ్డు అని రాసి ఉంటుంది, అది చదవకుండా బుట్టలో వేయకండి. "వెజిటేరియన్ సెక్షన్లో టోఫూ పక్కనే పెట్టారు కదా" అనే ధీమా పనికిరాదు, అమెరికన్ సూపర్‌మార్కెట్లలో అన్నీ ఆ ఫ్రిజ్‌లోనే ఉంటాయి. గ్యోజా షీట్లని గుండ్రటివి దొరుకుతాయి, అవి ఎక్కువగా పిండి, నీళ్ళు, ఉప్పుతోనే చేస్తారు, అయినా చదివే కొనండి. మీకు ప్లానోలోనే 99 రాంచ్ ఉంది, కారల్టన్‌లో హెచ్ మార్ట్ ఉంది, రెండూ ఆసియా సరుకుల కొట్లే, రెండుచోట్లా రకాలు బాగానే ఉంటాయి. వేయించడానికి సన్నటివి తీసుకోండి, మందంగా తెల్లగా ఉండేవి సూప్‌లో ఉడికించడానికి బాగుంటాయి గానీ నూనెలో వేస్తే అంచులు గట్టిగా పళ్ళకి అడ్డం పడతాయి.

వెజ్ వాటికి నేనైతే వాంటన్ షీట్లు వదిలేసి ఫ్రీజర్‌లో దొరికే స్ప్రింగ్ రోల్ షీట్లు తీసుకుంటాను. ఎనిమిది అంగుళాల షీటుని నాలుగు ముక్కలు చేస్తే చేతికి సరిపడా చదరాలు వస్తాయి, వాటిలో గుడ్డు ఉండటం తక్కువ, పైగా వాంటన్ షీటు కంటే ఎక్కువసేపు కరకరలాడతాయి. హైదరాబాద్, విజయవాడల్లో ఉండి ఇదే ప్రయత్నించేవాళ్ళకి కూడా ఇదే దారి, అక్కడ వాంటన్ షీట్లకంటే ఇవే తేలిగ్గా దొరుకుతాయి. అవీ దొరక్కపోతే 250 గ్రాముల మైదాలో అర చెంచా ఉప్పు, 120 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు పోసి గట్టిగా కలిపి, అరగంట నాననిచ్చి, కింద పీట కనిపించేంత పల్చగా ఒత్తి కోసుకోవాలి. 180 అంటే మాత్రం ఇంట్లో ఒత్తే పని పెట్టుకోకండి, కొనండి.

షీట్లు ఫ్రీజర్‌లోంచి తీస్తే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కిందిభాగంలోకి మార్చండి. మైక్రోవేవ్‌లో కరిగిస్తే అంచులు ఎండి, మధ్యలో అతుక్కుపోయి, ఒకటి లాగితే మూడు చిరుగుతాయి.

కిందటిసారి క్యాబేజీ, క్యారెట్, పనీర్ పెట్టానన్నారు, పచ్చివే తురిమి ఉప్పు, సాస్ కలిపి వెంటనే చుట్టానన్నారు. విచ్చుకున్నది అందుకే. క్యాబేజీకి ఉప్పు తగిలిన పావుగంటలో నీరు ఊరడం మొదలవుతుంది. మీరు మొదటి 20 చుట్టేసరికి గిన్నె అడుగున నీళ్ళు చేరి ఉంటాయి, చివరి 20 షీట్లు ఆ నీళ్ళకి అడుగున పల్చబడి ఉంటాయి. నూనెలో పడగానే లోపలి నీళ్ళు ఆవిరై బయటికి రావడానికి దారి వెతుక్కుంటాయి, బలహీనంగా ఉన్నచోట చీల్చుకుని వస్తాయి. అది నూనె తప్పు కాదు, మీరు అంచు సరిగ్గా నొక్కకపోవడం ఒక్కటే కూడా కాదు.

క్యాబేజీతోనే చేయాలనుకుంటే ఇలా చేయండి. అరకిలో క్యాబేజీ సన్నగా తరిగి, ఒక టీస్పూన్ ఉప్పు కలిపి 20 నిమిషాలు వదిలేసి, పల్చటి గుడ్డలో మూటకట్టి మెలితిప్పి పిండండి. చేత్తో పిండితే సరిపోదు, గుడ్డలోనే పిండాలి, ఎంత నీరు వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. తర్వాత వెడల్పాటి మూకుడులో కొద్దిగా నూనె వేసి, సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, క్యారెట్ తురుము, ఈ క్యాబేజీ పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు వేయించి, సోయా సాస్ ఆఖరున మూకుడు అంచు మీద పోయండి, అది అక్కడే ఇగిరిపోవాలి. పుట్టగొడుగులు వేస్తే వాటిని విడిగా, నీరంతా పోయి గోధుమరంగు వచ్చేదాకా వేయించాలి, క్యాబేజీతో కలిపి వేస్తే రెండూ ఉడికిపోతాయి గానీ వేగవు. పనీర్ అయితే చిదిమి పొడిపొడిగా వేయించండి. టోఫూ అయితే ఎక్స్‌ట్రా ఫర్మ్ తీసుకుని, బరువు పెట్టి అరగంట నీరు వడిచాక అదే పని చేయండి. గ్లాస్ నూడుల్స్ (సేమ్యాలా సన్నగా, పారదర్శకంగా ఉండేవి) నానబెట్టి, నీరు వార్చి, అంగుళం ముక్కలుగా కత్తిరించి ఒక గుప్పెడు కలపండి. ఎక్కడైనా ఇంకా తడి మిగిలితే అవి లాగేసుకుంటాయి, కొరికినప్పుడు కూడా బాగుంటుంది. ఇదంతా పెద్ద ట్రేలో పల్చగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా చుట్టకండి, లోపల ఆవిరి పట్టి షీటు అడుగు మెత్తబడుతుంది. కేటరింగ్‌లో మేమైతే కూర ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం, చల్లటి కూర చెంచాకి ముద్దలా వస్తుంది, చుట్టడం కూడా తొందరగా అవుతుంది.

నన్నడిగితే మాత్రం ఈ పార్టీకి క్యాబేజీ పక్కన పెట్టి క్రీమ్ చీజ్ వాంటన్లు చేయండి. పిల్లలు ఉన్న పార్టీ కదా, వాళ్ళు వీటిని వదలరు. పిండే పని లేదు, వండే పని లేదు, లోపల ఉడకాల్సింది ఏమీ లేదు కాబట్టి నూనెలో రెండు నిమిషాలు చాలు. 227 గ్రాముల క్రీమ్ చీజ్ కడ్డీలు మూడు తీసుకోండి, డబ్బాలో వచ్చే మెత్తటి రకం వద్దు, అందులో గాలీ తడీ ఎక్కువ. గది వేడికి మెత్తబడ్డాక సన్నగా తరిగిన ఉల్లికాడలు ఒక కప్పు, గింజలు తీసేసి సన్నగా కొట్టిన హలపీన్యో మిరపకాయలు రెండు, ఒక చెంచా వెల్లుల్లి పొడి, కొంచెం మిరియాల పొడి, ఉప్పు. స్వీట్‌కార్న్ వేయాలంటే టిష్యూ మీద బాగా తుడిచి ఒక్క అర కప్పు మాత్రం వేయండి. పిల్లల కోసం హలపీన్యో లేకుండా సగం విడిగా తీసి, వాటిని వేరే ఆకారంలో మడవండి, లేకపోతే ఎవరో ఒక పాప ఏడుస్తుంది.

ఇది ఇక్కడి చైనీస్ రెస్టారెంట్లలో క్రాబ్ రంగూన్ అని పీత, క్రీమ్ చీజ్ పెట్టి అమ్మేదానికి వెజ్ రూపం. పేరు చూసి బర్మా వంట అనుకుంటారు, 1950లలో కాలిఫోర్నియాకి చెందిన ట్రేడర్ విక్స్ రెస్టారెంట్ వాళ్ళు మెనూలో పెట్టిన వంటకం ఇది. మన కోస్తా జిల్లాల నుంచి అంతకుముందే, బ్రిటిష్ వాళ్ళ కాలంలో వేలమంది కూలిపనికి రంగూన్ వెళ్ళారు, వాళ్ళలో ఒక్కరు కూడా అక్కడ క్రీమ్ చీజ్ వాంటన్ తిని ఉండరు. చైనాలోనూ లేదు. హాంకాంగ్, క్వాంగ్‌టుంగ్ వైపు వాంటన్ అంటే ఎక్కువగా రొయ్యా పందిమాంసం పెట్టి సన్నటి నూడుల్స్‌తో సూప్‌లో ఇచ్చేది. వేయించింది కూడా ఉంది, పుల్లటి తియ్యటి సాస్‌తో. మనం పార్టీల్లో చేసేది ఆ వేయించిన దానికి దగ్గర.

క్రాబ్ రంగూన్ రెసిపీ నెట్‌లో చూసి అలాగే చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక: అందులో వేసే వూస్టర్‌షర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేపలు ఉంటాయి. పీతకి బదులు వాడే క్రాబ్ స్టిక్ అంటే చేపని నూరి చేసింది, చాలావాటిలో గుడ్డు తెల్లసొన కూడా ఉంటుంది. ఆయిస్టర్ సాస్ సంగతి పేరులోనే ఉంది, ఆయిస్టర్ అంటే ఆల్చిప్ప. వెజ్ వాళ్ళకి వీటిలో ఏదీ తగలకూడదు, ఆయిస్టర్ సాస్ రుచి కావాలంటే పుట్టగొడుగులతో చేసిన వెజిటేరియన్ రకం అవే కొట్లలో దొరుకుతుంది.

చికెన్ వాటికి 450 గ్రాముల తొడ మాంసం కీమా, 200 గ్రాముల రొయ్యలు తీసుకోండి, 80 వాంటన్లకి సరిపోతుంది. బ్రెస్ట్ కీమా తీసుకుంటే వేగాక పొడిపొడిగా రంపపు పొట్టులా ఉంటుంది, ఆ డబ్బు ఆదా చేసుకోండి. రొయ్యలకి పావు టీస్పూన్ బేకింగ్ సోడా రాసి పావుగంట ఉంచి, బాగా కడిగి, తుడిచేస్తే కొరికినప్పుడు పట్‌మని తెగేలా ఉంటాయి. మొత్తం నూరకుండా సగం మెత్తగా, సగం ముక్కలుగా కొట్టండి. రొయ్యలు పడనివాళ్ళు మీ పార్టీలో ఉంటే మొత్తం చికెన్‌తోనే చేయండి, రుచిలో పెద్దగా పోయేదేమీ లేదు.

కీమాలో ముందు ఉప్పు ముప్పావు టీస్పూన్ వేసి, ఒకే వైపుకి గట్టిగా కలపండి, రెండు మూడు నిమిషాల్లో అది జిగురుగా మారి గిన్నెకి అంటుకుంటుంది. ఉప్పు తగిలాక మాంసంలోని ప్రోటీన్లు బయటికొచ్చి ఒకదానికొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. ఈ జిగురు వచ్చిందంటే మాంసంలో ఉన్న నీరు మాంసంలోనే ఉండిపోతుంది, క్యాబేజీలోలా బయటికి రాదు. తర్వాతే ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్, ఒక టీస్పూన్ నువ్వుల నూనె (చైనీస్ కొట్లో దొరికే వేయించిన నువ్వులది, మన గానుగ నూనె కాదు), అర టీస్పూన్ తెల్ల మిరియాల పొడి, అల్లం తురుము, ఉల్లికాడలు, చిటికెడు పంచదార, ఒక టేబుల్ స్పూన్ కార్న్ స్టార్చ్. అమెరికాలో కార్న్ ఫ్లోర్ అని రాసి ఉన్నది కొంటే మొక్కజొన్న పిండి చేతికొస్తుంది, మీకు కావాల్సింది తెల్లగా జారిపోయేలా ఉండే స్టార్చ్. సూప్ వాంటన్లకైతే నీళ్ళు కూడా పోసి కలుపుతారు, వేయించేవాటికి పోయకండి. గరం మసాలా, కారం వేయాలని చేయి లాగుతుంది, వేసుకోండి, మీ ఇల్లు మీ ఇష్టం, కానీ అప్పుడది త్రికోణం కీమా సమోసా అవుతుంది. చుట్టడం మొదలుపెట్టేముందు ఒక చెంచా ముద్ద పెనం మీద వేయించి రుచి చూడండి, 80 చుట్టాక ఉప్పు తక్కువని తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఇక చుట్టడం. ప్యాకెట్ విప్పగానే షీట్ల మీద తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పండి, పది నిమిషాలు గాలికి వదిలేస్తే అంచులు ఎండి మడతలో పగులుతాయి. ఒకసారికి ఎనిమిదో పదో బల్ల మీద పరిచి, అన్నిటిలో ఫిల్లింగ్ పెట్టి, అన్నిటికీ అంచు తడిపి, అన్నీ మడవండి, ఒక్కోటీ మొదలుపెట్టి ముగించుకుంటూ పోతే రెట్టింపు టైమ్ పడుతుంది. ఒక్కోదానిలో ఒక టీస్పూన్, ఇంతే. "ఇంత తక్కువా" అనిపిస్తుంది, అనిపించినా సరే. షీటుకి అంటుకున్న పిండిని అంచుల దగ్గర వేలితో దులపండి, ఆ పొడి ఉంటే ఎంత నొక్కినా అతకదు. వేలి కొన నీళ్ళలో ముంచి రెండు అంచులకి మాత్రమే, ఒక్కసారి రాయండి. జారుతోందంటే ఎక్కువైనట్టు. స్ప్రింగ్ రోల్ షీట్లకి నీళ్ళు చాలవు, ఒక చెంచా మైదాలో రెండు చెంచాల నీళ్ళు కలిపిన పల్చటి పేస్టు రాయాలి. గుడ్డు రాస్తే ఇంకా బాగా అతుకుతుంది, ఇక్కడ దాని ఊసు ఎత్తక్కర్లేదు.

త్రికోణంగా మడిచి, ముందు ఫిల్లింగ్ చుట్టూ వేళ్ళతో నొక్కుతూ గాలిని బయటికి తోసి, ఆ తర్వాతే అంచులు మూయండి, కజ్జికాయ అంచు నొక్కినంత గట్టిగా. లోపల గాలి ఉండిపోతే నూనెలో బూరెలా ఉబ్బి పైకి తేలి, తిప్పినా తిరగదు, ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా ఉంటుంది. యూట్యూబ్‌లో రెండు కొనలు వెనక్కి తెచ్చి అతికించే అందమైన మడత చూపిస్తారు. సూప్‌కి అది సరే. వేయించేటప్పుడు ఆ ముడిదగ్గర నాలుగు పొరలు పడి గట్టిగా, కొన్నిసార్లు పిండి పిండిగా మిగిలిపోతుంది. 180 చేసేటప్పుడు మామూలు త్రికోణమే మంచిది, అన్నీ ఒకేలా వేగుతాయి. కారం లేని క్రీమ్ చీజ్ వాటిని మాత్రం నాలుగు కొనలూ మధ్యలోకి తెచ్చి నొక్కండి, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళు గంటలో 60, 70 చుట్టగలరు, కొత్తవాళ్ళకి అందులో సగం. ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని టీకి పిలవండి, టీ ఇచ్చే ముందు షీట్లు చేతిలో పెట్టండి.

ముందే చుట్టి పెట్టుకోవచ్చా అంటే, ఫ్రిజ్‌లో వద్దు, ఫ్రీజర్‌లో నిరభ్యంతరంగా. చుట్టిన పచ్చి వాంటన్లు ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు దాటితే అడుగు తడిసి ట్రేకి అతుక్కుంటాయి, రాత్రంతా ఉంచితే మరుసటిరోజు పొద్దున మీకు మిగిలేది పిండిముద్ద. అదే ట్రేలో పార్చ్‌మెంట్ పేపర్ వేసి, కార్న్ స్టార్చ్ చల్లి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు గంటల్లో రాళ్ళలా అవుతాయి, అప్పుడు జిప్‌లాక్ సంచుల్లో వేసుకోవచ్చు. వెజ్‌వి, చికెన్‌వి వేరే వేరే సంచుల్లో, పైన పేరు రాసి. నెలరోజులు హాయిగా ఉంటాయి, కాబట్టి పార్టీకి ముందు వారాంతంలో ఈ పని ముగించేయండి. వేయించేటప్పుడు కరగనివ్వకూడదు, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే నూనెలో వేయాలి. కరిగిస్తే మళ్ళీ నీళ్ళ గొడవే. పైన మంచు పొడిలా కనిపిస్తే బ్రష్‌తో దులిపేయండి, ఆ మంచు నూనెలో పడితే చిటపటా చిమ్ముతుంది. సంచిలోంచి ఒక వాయికి సరిపడా మాత్రం తీసి, మిగతావి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేయాలి.

నూనె దగ్గర థర్మామీటర్ కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. క్రీమ్ చీజ్ వాటికి 350 ఫారెన్‌హీట్, అంటే సుమారు 175 సెల్సియస్. చికెన్ వాటికి 330, 340 మధ్య ఉంచి నాలుగు నిమిషాల దాకా, ఫ్రీజర్‌లోంచి తీసినవైతే ఇంకో నిమిషం. మొదటి వాయిలో ఒకటి తీసి మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి, 165 ఫారెన్‌హీట్ దాటాలి. నూనె చల్లగా ఉంటే షీటు నూనె తాగేస్తుంది, మరీ కాగితే పైన ఎర్రబడి లోపల చికెన్ పచ్చిగా ఉంటుంది. మీ ఇంట్లో ఎలక్ట్రిక్ స్టవ్ అయితే ఒక వాయికి ఆరు కంటే ఎక్కువ వేయకండి, నూనె మళ్ళీ వేడెక్కడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. మందపాటి గిన్నె, రెండు మూడు అంగుళాల నూనె, గిన్నెలో సగానికి మించకుండా. లేత బంగారు రంగులో ఉండగానే చిల్లుల గరిటెతో తీసేయండి, బయటికి వచ్చాక కూడా రంగు ముదురుతుంది. మీకు నచ్చిన రంగు నూనెలోనే వచ్చేసిందంటే ప్లేట్లోకి వచ్చేసరికి ఒక మెట్టు ఎక్కువైపోతుంది. నూనెలో రాలిన పిండి అడుగున నల్లబడి తర్వాతి వాయిలకి చేదు పట్టిస్తుంది, మూడు నాలుగు వాయిలకోసారి సన్నటి జల్లెడతో తీసేయండి.

మనవాళ్ళు ఇంట్లో వాసన పట్టకూడదని, స్మోక్ అలారం మోగుతుందని ప్రొపేన్ స్టవ్ గరాజ్‌లో పెట్టి వేయిస్తారు. చలిగా ఉందని తలుపు మూస్తారు కూడా. దయచేసి అలా చేయకండి, కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా తెలియదు. పెరట్లో, గోడలకి దూరంగా, పిల్లలు పరిగెత్తని వైపు పెట్టుకోండి.

ఒకే గిన్నెలో వేయిస్తున్నారంటే కొత్త నూనెలో ముందు వెజ్ మొత్తం ముగించి, ఆ తర్వాత చికెన్ మొదలుపెట్టండి. గరిటె, ట్రే కూడా వేరే. ఇది పట్టించుకునేవాళ్ళు నోరు తెరిచి అడగరు, ఊరికే తినడం మానేస్తారు, మీరే ముందుగా చెప్తే వాళ్ళకీ హాయి. బాబు స్కూలు ఫ్రెండ్స్ కూడా వస్తారు కాబట్టి పల్లీ నూనె వాడకండి, కనోలా చాలు. నువ్వులు కూడా అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీల జాబితాలో చేరాయి. ట్రేల ముందు ఒక చీటీ పెట్టండి: గోధుమ, గుడ్డు, పాలు, సోయా, నువ్వులు, రొయ్యలు, ఏది ఎందులో ఉందో.

మెత్తబడటం గురించి. వేయించినవి టిష్యూ మీద కుప్పగా పోయకండి, కిందివి పైవాటి ఆవిరికి తడుస్తాయి. ఇనప జాలీ మీద ఒక వరుసగా పెట్టి, 200 ఫారెన్‌హీట్‌లో ఉన్న ఓవెన్‌లో ఉంచితే 40 నిమిషాల దాకా కరకరలాడుతూనే ఉంటాయి. ఫాయిల్ కప్పారా, ఐదు నిమిషాలు చాలు చెడిపోవడానికి. క్లబ్‌హౌస్‌కి పట్టుకెళ్ళాలంటే అల్యూమినియం ట్రే మూత సగం తెరిచే ఉంచండి.

మీరు ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు, పార్టీ అంతా నూనె ముందు నిలబడలేరు, అందుకని మా కిచెన్‌లో చేసే పద్ధతి చెప్తా. పార్టీకి రెండు మూడు గంటల ముందు అన్నీ ఒకసారి వేయించేయండి. చికెన్‌వి లోపల పూర్తిగా ఉడకాలి, పైన రంగు మాత్రం లేతగా ఉండగానే తీయాలి. జాలీ మీద ఆవిరి పోయేదాకా ఆరనిచ్చి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉడికిన మాంసం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. జనం వచ్చాక 375 ఫారెన్‌హీట్ నూనెలో ఒక్క నిమిషం, లేదా అదే వేడి ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు. చికెన్‌వి మధ్యదాకా పొగలు వచ్చేలా వేడెక్కాలి. రెండోసారి వేయించినవి మొదటిసారి కంటే ఎక్కువసేపు కరకరలాడతాయి, షీటులో మిగిలిన తడి కూడా పోతుంది కాబట్టి. క్రీమ్ చీజ్ వాటిని రెండోసారి నూనెలో వేయకండి, ఓవెన్‌లోనే వేడిచేయండి, కరిగిన చీజ్ కారిందంటే గిన్నె అంతా నురగే. అన్నీ ఒకేసారి తేవొద్దు, 30, 40 చొప్పున పావుగంటకోసారి తెస్తుంటే చివర్లో వచ్చినవాళ్ళకీ వేడివే దొరుకుతాయి.

ఇక ఎయిర్ ఫ్రైయర్ సంగతి. నలుగురికైతే సరే, రెండువైపులా నూనె స్ప్రే చేసి 375లో ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, నూనె తగలని చోట తెల్లగా పచ్చిపిండి మచ్చలు మిగులుతాయి. 180కి మాత్రం అది పని కాదు, బుట్టలో పది పడతాయి.

సాస్‌లు కొనేయండి, స్వీట్ చిల్లీ ఒక సీసా. పక్కన ఇంకొకటి కావాలంటే పావు కప్పు సోయా సాస్, రెండు చెంచాల నల్ల వెనిగర్, ఒక చెంచా చిల్లీ ఆయిల్, కొంచెం పంచదార కలిపితే చాలు. ఆవకాయ నూనె వేసుకునే మావయ్యలు ఎలాగూ ఉంటారు, నిజానికి చికెన్ వాటికి అది బాగానే కుదురుతుంది.

షీట్లు మిగిలితే సన్నగా పేలికల్లా కత్తిరించి అదే నూనెలో అరనిమిషం వేయించి, ఉప్పూ కారం చల్లి డబ్బాలో పోసి పెట్టండి. గాలి తగలకపోతే నాలుగైదు రోజులు బాగుంటాయి, సలాడ్ మీదా, సూప్ మీదా వేసుకోవచ్చు. గుడ్డు ఉన్న షీట్లయితే ఆ డబ్బా మీద కూడా రాసి పెట్టండి.